తెలుసులే!

మా అక్క కూతురికి ఆరేళ్లు. ఒకరోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి పళ్లు తోముకుంటూ, నోటినిండా నురగతోనే అడిగింది: "పిన్నీ, అద్దంలో కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుంది కదా, మరి తల కిందికీ కాళ్లు పైకీ ఎందుకు మారట్లేదు?" నేను ఏమాత్రం తడుముకోకుండా "అద్దం అంటే అంతే నాన్నా, పక్కలే మారతాయి, పైనా కిందా మారవు" అన్నాను. "అదే, ఎందుకు?" అంది. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అన్నాను. నేను పెద్దయ్యి చాలా ఏళ్లయింది. నాకింకా తెలియలేదు.

ఆ రాత్రి పడుకున్నాక నన్ను గుచ్చింది అద్దం సంగతి కాదు, నేను చెప్పిన జవాబు. రోజుకు పదిసార్లు చూసే వస్తువు గురించి నాకు తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు. అద్దం ఎలా పనిచేస్తుందో తెలుసా అని అంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే "ఆఁ, తెలుసులే" అనేసి ఉండేదాన్ని. ఈ "లే" ఉంది చూశారూ, ఒక్క అక్షరమే, కానీ అది తగిలించామంటే తలుపు వేసేసినట్టే. "తెలుసు" అన్న మనిషిని ఇంకో ప్రశ్న అడగొచ్చు. "తెలుసులే" అన్న మనిషిని ఇక అడిగేదేమీ ఉండదు, పక్కవాళ్లే కాదు, తనను తాను కూడా అడగదు.

పెద్దయ్యాక కూడా కుతూహలం పోగొట్టుకోకూడదు, ఎదగాలంటే అదే ముఖ్యం అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఎలా అని అడిగితే మాత్రం రోజుకో కొత్త విషయం నేర్చుకోండి, ఆఫీసుకు కొత్త దారిలో వెళ్లండి, ప్రపంచాన్ని పసిపిల్లల్లా చూడండి అంటారు. నేను చేసి చూశాను. రోజుకో కొత్త విషయం అని ఒక నోట్‌బుక్ పెట్టుకుంటే మూడో వారానికల్లా అది హోంవర్క్ అయి కూర్చుంది, అందులో రాసుకున్నవాటిలో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. నా బద్ధకం కొంత ఉంది, కాదనను. కానీ ఆ సలహాలోనే ఒక తిరకాసు ఉంది. కుతూహలం అంటే ఏదో ఒకే సరుకు అన్నట్టు, అయిపోతే మళ్లీ నింపుకోవచ్చన్నట్టు మాట్లాడతారు. అది ఒకటి కాదు.

మన మాటల్లోనే ఆ తేడా ఉంది. పక్కవాళ్లింట్లో రాత్రి గొడవ ఎందుకైందో కనుక్కుంటే అది ఆరా తీయడం. మూత పెట్టిన డబ్బాలో ఏముందో చూడాలనిపిస్తే కుతూహలం. జిజ్ఞాస వేరు. సంస్కృతంలో "పా" అంటే తాగడం, తాగాలనే కోరిక పిపాస. అదే పద్ధతిలో "జ్ఞా" అంటే తెలుసుకోవడం, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస. అంటే జిజ్ఞాస తెలివికి సంబంధించిన మాట కాదు, దాహానికి సంబంధించిన మాట. దాహం వేయకుండా నీళ్లు తాగమంటే ఎలా ఉంటుందో, నా నోట్‌బుక్ అలా ఉండేది.

డేనియల్ బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లు, 60లలో దాదాపు ఇలాంటి గీతే గీశాడు. ఒక రకం కుతూహలం విసుగులోంచి పుడుతుంది: ఏదో ఒక కొత్తది కావాలి, ఏదైనా పర్వాలేదు. ఇంకో రకానికి ఏదో ఒకటి చాలదు: ఈ ఒక్క ప్రశ్నకు, ఈ ఒక్క జవాబే కావాలి. రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుని వేలితో పైకి తోస్తూ కూర్చున్నప్పుడు మనల్ని నడిపించేది మొదటిదే. అది చచ్చిపోయిందని ఎవరూ బాధపడక్కర్లేదు, అందరిలోనూ ఆరోగ్యంగా ఉంది, కాస్త ఎక్కువ ఆరోగ్యంగానే ఉంది.

ఈ మొదటి రకం ఎంత మొండిదో చూపించే ప్రయోగం ఒకటుంది. 2016లో క్రిస్టఫర్ షీ, బోవెన్ రువాన్ అనే పరిశోధకులు కొందరి ముందు పెన్నులు పెట్టారు. నొక్కితే ఖాయంగా చిన్న కరెంటు షాక్ కొట్టేవి కొన్ని, కొట్టనివి కొన్ని, కొడతాయో కొట్టవో తెలియనివి కొన్ని. పని లేక కూర్చున్న జనం ఎక్కువగా నొక్కింది ఆ తెలియని పెన్నులనే. షాక్ తగలొచ్చని తెలిసీ నొక్కారు. ఫోన్‌లో "ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే" అని సగంలో ఆపేసిన హెడ్డింగ్ మీద మన వేలు ఎందుకు పడుతుందో ఇది చదివాకే నాకు అర్థమైంది. కుతూహలం అనగానే మంచిదే అనుకోవడం కూడా ఒక "తెలుసులే".

సరే, మరి రెండో రకం ఎక్కడ పుడుతుంది? 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకుడు చెప్పిన మాట నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. మనకు తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఒక ఖాళీ కనిపించినప్పుడు కుతూహలం పుడుతుంది, అది దురద లాంటిది, తీరేదాకా ఊరుకోనివ్వదు అంటాడు. ఇక్కడ పట్టుకోవాల్సింది "కనిపించినప్పుడు" అనే మాటని. ఆయన ఇచ్చిన ఉదాహరణే చూడండి: అమెరికాలోని 50 రాష్ట్రాల్లో మూడింటి రాజధానులే తెలిసినవాడికి ఏ బాధా ఉండదు, తనకు మూడు తెలుసని అనుకుంటాడు, అంతే. 47 తెలిసినవాడికి మాత్రం మిగిలిన మూడూ పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంటాయి. అంటే తెలియకపోవడం వల్ల కుతూహలం రాదు, కాస్త తెలియడం వల్ల వస్తుంది. 2009లో మిన్ జియోంగ్ కాంగ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు జనాన్ని రకరకాల ప్రశ్నలు అడిగి, జవాబు మీద ఎంత నమ్మకముంది, ఎంత కుతూహలంగా ఉంది అని కొలిచినప్పుడు కూడా ఇలాగే తేలింది. బొత్తిగా తెలియనివాటి మీదా, ఖాయంగా తెలిసినవాటి మీదా కుతూహలం తక్కువ. "నోటి దాకా వచ్చింది, గుర్తు రావట్లేదు" అనిపించే మధ్య చోటులో ఎక్కువ.

అందుకే "నాకు దేని మీదా ఆసక్తి లేదు" అనేవాళ్లకు "ఏదైనా కొత్తది మొదలుపెట్టు" అని చెప్పడం పెద్దగా పనిచేయదు. కొత్తది అంటే పూర్తి చీకటి. చీకట్లో ఖాళీ కనిపించదు. మొదటి కొన్ని రోజులు ఆసక్తి లేకుండానే, కొంచెం బలవంతంగానే కాస్త పోగుచేసుకోవాలి, దాహం ఆ తర్వాత వేస్తుంది. ఈ వరస తెలియక, మొదటి రోజే మనసు ఉరకలేయలేదని వదిలేసినవి నా జీవితంలో కనీసం నాలుగున్నాయి.

కానీ ఈ చీకటి పెద్దవాళ్ల అసలు సమస్య కాదని నా అనుమానం. మనది రెండో కొస: అంతా తెలుసనుకోవడం. 2002లో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన పని చాలా సింపుల్. జిప్పు, తాళం, కుట్టు మిషన్ లాంటి రోజువారీ వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంత బాగా తెలుసని అడిగి మార్కులు వేసుకోమన్నారు. జనం ధారాళంగా వేసుకున్నారు. అయితే మెట్టు మెట్టుగా వివరించి రాయండి అన్నారు. రాయడం మొదలుపెట్టాక, మళ్లీ మార్కులు వేసుకోమంటే అవి పడిపోయాయి. వాడటం వచ్చిన ప్రతిదీ అర్థమైనట్టు అనిపిస్తుంది మనకు. 2006లో రెబెక్కా లాసన్ అనే ఆవిడ సైకిల్ బొమ్మతో ఇదే చూపించింది. చాలామంది దాని చట్రాన్ని, చైన్‌ని సరిగ్గా పెట్టలేకపోయారు, సైకిల్ తొక్కేవాళ్లలో కూడా కొందరు.

నవ్వుకుని నేనూ కాగితం తీసుకున్నాను. రెండు చక్రాలు, సీటు, హ్యాండిల్ చకచకా పడ్డాయి. చైన్ దగ్గర పెన్ను ఆగింది. వెనక చక్రానికి ఒక చివర, సరే. ఇంకో చివర? గీసేశాను, ముందు చక్రానికి. కాసేపు చూశాక వెలిగింది: రెండు చక్రాలనూ చైన్‌తో కట్టేస్తే హ్యాండిల్ తిప్పడం ఎలా? నా సైకిల్ తిన్నగా వెళ్లి గోడను గుద్దుకోవడం తప్ప ఏమీ చేయలేదు. చిన్నప్పుడు ఊడిన చైన్‌ని ఎన్నిసార్లు నా చేత్తో ఎక్కించానో, గ్రీజు మరకలు ఎన్ని గౌన్లకు అంటుకున్నాయో! ఆ చేతులకు తెలిసింది నాకు తెలియదన్నమాట. దీన్ని చదివి వదిలేయకండి, ఒక కాగితం తీసుకోండి, రెండు నిమిషాల పని. ఆ చైన్ దగ్గర ఆగిపోయినప్పుడు లోపల చిన్న కుదుపు ఉంటుంది చూడండి, నేను చెబుతున్న ఖాళీ అదే.

ఇక పిల్లలు. పుట్టుకతో వచ్చిన కుతూహలం వయసుతో హరించుకుపోతుందనేది అందరూ చెప్పే మాటే, నాకు అంత నమ్మకం లేదు. బార్బరా టిజార్డ్, మార్టిన్ హ్యూస్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగేళ్ల ఆడపిల్లల మాటల్ని ఇంట్లోనూ, నర్సరీ స్కూల్లోనూ రికార్డు చేశారు. ఇంట్లో తల్లితో ఉన్నప్పుడు గంటకు సగటున 26 ప్రశ్నలు. స్కూల్లో గంటకు 2. అవే పిల్లలు, అదే వయసు. మారింది చోటు మాత్రమే. అలాంటప్పుడు నలభై ఏళ్ల మనిషి ప్రశ్నలు వేయకపోతే నెపం వయసు మీద ఎందుకు వేయాలి, ఆ మనిషి రోజుకు పది గంటలు ఎక్కడ ఉంటున్నాడో ముందు చూడాలి కదా.

నేనున్న చోటు గురించి చెబుతాను. ఒక ఉద్యోగంలో చేరిన మొదటి వారం మీటింగ్‌లో ఒక మూడక్షరాల పొట్టి పేరు పదేపదే వినిపించింది. అందరూ తల ఊపుతున్నారు, నేనూ ఊపాను. రెండో వారం అడిగితే బాగుండదేమో అనిపించింది. రెండో నెలకు ఇక అడగలేని పరిస్థితి, ఇన్నాళ్లూ ఏం అర్థమై తల ఊపావమ్మా అంటారని టెన్షన్. ఎనిమిదో నెలలో ఒక సీనియర్‌ని పక్కకు పిలిచి అడిగేశాను. ఆయన నవ్వలేదు, ఒక నిమిషంలో చెప్పేసి తన పనిలో పడిపోయాడు. నిమిషం! కానీ నష్టం ఆ ఒక్క ప్రశ్నతో ఆగలేదు. అది తెలిసిన మరుక్షణం ఇంకో మూడు ప్రశ్నలు పుట్టాయి, మంచి ప్రశ్నలు, పనికొచ్చే ప్రశ్నలు. అవి ఎనిమిది నెలలుగా దాని వెనకాలే క్యూలో నిలబడి ఉన్నాయి. అడగని ప్రశ్న ఒంటరిగా పోదు, తన వెనకున్నవాటినీ తీసుకుపోతుంది.

పెద్దవాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్రతిదాని దగ్గరా ఆగి ఆశ్చర్యపోతే బతకలేం. పిల్లలకు వెతకడమే పని, వాళ్ల బువ్వా బట్టా ఇంకెవరో చూసుకుంటారు. మనకు తెలిసినదాన్ని వాడుకుని సాయంత్రానికి పని ముగించడం పని. నిద్ర చాలని రోజున, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేని రోజున, అప్పు వాయిదా నెత్తిమీదున్న రోజున ప్రపంచం ఎందుకిలా ఉందని అడగాలనిపించకపోతే అది లోపం కాదు. పిల్లల్లా చూడమనే సలహా నాకు నచ్చనిది ఇందుకే. నాకు కావలసింది నా బండచాకిరీ మధ్యలోనే అక్కడక్కడా ఒక ఖాళీ కనిపించడం.

దానికి నాకు పనిచేసింది ఒకటే అలవాటు: వెతికే ముందు ఊహించడం. ప్రశ్న తగలగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, మూడు సెకన్లలో జవాబు వస్తుంది, సాయంత్రానికి ప్రశ్న కూడా గుర్తుండదు. పైగా ఇంకో మాయ ఉంది. 2015లో మాథ్యూ ఫిషర్, ఆయన సహచరులు చూపించిందేమిటంటే, ఇంటర్నెట్‌లో కొన్ని సంగతులు వెతికినవాళ్లు, దానితో సంబంధం లేని వేరే సంగతుల్లో కూడా తమకు ఎక్కువ తెలుసని అంచనా వేసుకుంటారట. ఫోన్‌లో ఉన్నది తలలో ఉన్నట్టే అనిపిస్తుందన్నమాట, "తెలుసులే"కి ఇంతకంటే మంచి ఎరువు ఉండదు. అదే ముందు ఒక జవాబు ఊహించి, తప్పయినా సరే, ఆ తర్వాత అసలు జవాబు చూస్తే అది బాగా గుర్తుండిపోతుంది. నేట్ కార్నెల్, రాబర్ట్ బ్యోర్క్ బృందం 2009లో దీన్ని పరీక్షించి చూపించింది. కుతూహలంతో ఎదురుచూస్తున్న ఆ కాస్త సమయానికి కూడా విలువ ఉంది. 2014లో మాథియాస్ గ్రూబర్, చరణ్ రంగనాథ్ వాళ్లు జనాన్ని ప్రశ్న అడిగి, జవాబు చూపించేలోపు మధ్యలో సంబంధం లేని ఒక మనిషి ముఖం చూపించారు. జవాబు కోసం బాగా ఆత్రంగా ఉన్నప్పుడు చూసిన ముఖాలే తర్వాత ఎక్కువ గుర్తున్నాయి. ఆత్రం తలుపు తీస్తే పక్కన నిలబడ్డవాళ్లు కూడా లోపలికి వచ్చేశారు.

అందుకని అద్దం ప్రశ్నను నేను వెతకలేదు. నాలుగు రోజులు దగ్గర పెట్టుకున్నాను. మొదటి ఊహ: మనకు కళ్లు పక్కపక్కన ఉంటాయి కాబట్టి పక్కలే మారతాయేమో. ఒక కన్ను మూసి చూశాను, ఏమీ మారలేదు. రెండోరోజు వాచీ ఉన్న ఎడమ చెయ్యి ఎత్తాను. అద్దంలో వాచీ గదిలో ఏ వైపు కనిపించింది? నా ఎడమ వైపే, కిటికీ ఉన్న వైపే. ఎటూ పోలేదు! తల పైనే ఉంది, అద్దంలోనూ పైనే. అప్పుడు వేలు తిన్నగా అద్దం వైపు చూపించాను. అద్దంలోని వేలు నా వైపు చూపిస్తోంది. మారింది అదొక్కటే. అద్దం కుడి ఎడమల్ని మార్చదు, ముందు వెనకల్ని మారుస్తుంది. అద్దంలో ఉన్నది నాలాగే నడిచి వెళ్లి వెనక్కి తిరిగి నిలబడిన మనిషి అని నేను ఊహించుకోవడం వల్ల, అలా తిరిగితే కుడి ఎడమలు మారతాయి కాబట్టి, తప్పు అద్దం మీద వేస్తున్నాను.

మరి అక్షరాలు ఎందుకు తిరగబడతాయి? ఇది మూడో రోజు. కాగితం మీద నా పేరు రాసి అద్దానికి చూపించాను, తిరగబడింది. కాగితాన్ని అద్దం వైపు తిప్పినప్పుడు నా చెయ్యి దాన్ని పక్కకు తిప్పిందని అప్పుడు గమనించాను. ఈసారి పక్కకు కాకుండా, కింది అంచు పట్టుకుని పైకి లేపి తిప్పాను. అద్దంలో నా పేరు తలకిందులుగా ఉంది! మా అక్క కూతురు అడిగినట్టే, తల కిందికి. తర్వాత పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద రాసి, తిప్పకుండా నేను చదువుకునేలాగే పట్టుకుంటే అద్దంలోనూ మామూలుగానే చదవగలిగాను. తిప్పింది అద్దం కాదు, ఇన్నేళ్లూ నేనే తిప్పుతున్నాను.

తప్పు ఊహ గురించి సిగ్గుపడక్కర్లేదనడానికి నాకు ఇష్టమైన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్, 1632లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టిన బట్టల వ్యాపారి. కాలేజీ చదువు లేదు, అప్పటి పండితుల భాష లాటిన్ రాదు. నలభై ఏళ్లు దాటాక, 1673లో ఆయన పరిశీలనలు మొదటిసారి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి చేరాయి. సొంతంగా అరగదీసుకున్న చిన్న చిన్న కటకాలతో ఏది దొరికితే అది చూసేవాడు. 1676లో ఆయనకు వచ్చిన సందేహం: మిరియం నాలుకను ఎందుకు మండిస్తుంది? మిరియంలో సన్నని ముళ్లలాంటివి ఉండి గుచ్చుతాయేమో అని ఆయన ఊహ. మిరియాలు మెత్తబడితే బాగా కనిపిస్తాయని నీళ్లలో మూడు వారాలు నానబెట్టి చూశాడు. ముళ్లు లేవు. ఆ నీళ్లలో ఈదుతున్న లెక్కలేనన్ని జీవులున్నాయి. మనిషి కంటికి బ్యాక్టీరియా మొదటిసారి కనిపించిన సందర్భంగా చెప్పుకునేది దీన్నే. ఊహ పూర్తిగా తప్పు, కానీ ఆ తప్పు ఊహ లేకపోతే మిరియం నీళ్లను భూతద్దం కింద ఎవరు పెడతారు? 1723లో 90 ఏళ్ల వయసులో పోయేదాకా ఆయన ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.

మనుషుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త, ఇక్కడ జిజ్ఞాసకూ ఆరాకూ మధ్య గోడ చాలా పలుచన. "ఎందుకలా చేశావ్?" అని తెలుగులో అడిగి చూడండి, ఎంత మెత్తగా అడిగినా అందులో మందలింపే వినిపిస్తుంది, ఎదుటి మనిషి సంజాయిషీ మొదలుపెడతాడు. "అసలేం జరిగింది?", "అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది?" అంటే కథ చెబుతాడు. నాకూ మా ఆయనకూ మధ్య వచ్చే వాదనల్లో సగం, నేను "ఎందుకు"ను "ఎలా"గా మార్చిన రోజున చప్పబడిపోతాయి. మిగతా సగంలో తప్పు నిజంగానే ఆయనది.

ఐదో రోజు అక్కకు ఫోన్ చేసి పిల్లకివ్వమన్నాను. "నాన్నా, నీ అద్దం ప్రశ్నకు జవాబు దొరికింది!" అన్నాను. "ఏ అద్దం?" అంది. గుర్తు చేస్తే, "ఓ అదా" అని, ఫోన్ టేబుల్ మీద పెట్టేసి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. అక్క వచ్చి ఫోన్ తీసేదాకా నేను అటువైపు ఖాళీ గదికి ప్లాస్టిక్ షీటు గురించి వివరిస్తూనే ఉన్నాను.

ఆ ప్రశ్న ఇప్పుడు నాదే, దానికి పిల్ల కూడా పుట్టింది. నిన్న గిన్నెలు తుడుస్తుంటే కొత్త చెంచా లోపలి వైపు నా ముఖం తలకిందులుగా కనిపించింది, వెనక్కి తిప్పితే మామూలుగా. ఇక్కడ చెంచాను తిప్పడం వల్ల కాదు, ఏదో వంపులోనే ఉంది. పై నుంచి వచ్చే వెలుతురు కిందికీ, కింది నుంచి వచ్చేది పైకీ మళ్లుతూ మధ్యలో ఎక్కడో దాటుకుంటున్నాయని నా ఊహ, కాగితం మీద రాసి పెట్టాను. అదే నిజమైతే, ఆ దాటే చోటు కంటే దగ్గరికి వెళితే తలకిందులు కాకూడదు. చూపుడు వేలును చెంచా లోపలికి మెల్లగా తీసుకెళ్లాను. దాదాపు తగిలేంత దగ్గరికి వచ్చాక వేలి బొమ్మ ఒక్కసారిగా చెంచా అంతా పరుచుకుని, చెదిరి, నిటారుగా లేచింది. గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి.